మూడు రేకు పర్సులు, ఒక తువ్వాలు

పొద్దున పదిన్నరకు నా బల్ల ముందు కూర్చున్న మనిషి సాయంత్రం నాలుగింటికి పులివెందులలో కారెక్కాలి. ఎక్కాలంటే అతని దగ్గర ఒక కార్డు ఉండాలి. ఆ కార్డు లేదు.

"ఇంకా ఐదున్నర గంటలే ఉండాది మామా" అన్నాడు.

"శానా ఉండాదప్పా" అన్నాను.

ఊరికే అనలేదు. నా పేరు నతానియేలు. ముప్పై రెండేండ్లు బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి. ఐదున్నర గంటలంటే నాకు ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు పోయి రావడం, మధ్యలో కిటికీ సీటు కోసం జరిగే రెండు యుద్ధాలు ఆపడం, పైగా ఒక కునుకు. రిటైరయ్యాక ప్రొద్దుటూరులో జిరాక్సు అంగడి పక్కన బల్ల వేసుకుని 'పోయినవి వెదకబడును' అని బోర్డు పెట్టాను. బస్సులో మనుషులు పోగొట్టుకోనిది ఏదీ లేదు, నేను వెదికి ఇవ్వనిదీ లేదు. ఒకసారి చిలమకూరు దగ్గర బస్సెక్కిన ఎద్దొకటి తొండూరులో దిగేదాకా నిలబడే వచ్చింది. సీటు ఇస్తామన్నా కూర్చోలేదు, అంత మర్యాదస్తుడు. దిగినాక దాని గంట సీటు కింద దొరికితే వెనక బస్సుకు ఇచ్చి పంపించాను. నమ్మకపోతే ఆ ఎద్దును అడగండి.

ఎదురుగా ఉన్న మనిషి హుమాయున్. ముప్పై నాలుగేండ్లుంటాయి. కువైట్‌లో పెద్ద భవంతులకు ఏసీ గొట్టాలు బిగించే పని. రెండు నెలల సెలవు మీద పులివెందులకు వచ్చాడు. ఈ సాయంత్రం నాలుగింటి కారులో బెంగుళూరు ఏర్‌పోర్టుకు పోవాలి. పోయింది అతని బతాకా. ఆ దేశంలో ఉండి పనిచేసుకోవచ్చని చెప్పే ఫొటో కార్డును మనవాళ్లు అట్లాగే పిలుస్తారు. పోయిందని రాత్రే మేనేజరుకు ఫోన్ చేశాడట. కార్డు చేతిలో ఉంటేనే విమానం ఎక్కు, లేకపోతే నీ పని ఇంకొకడికి ఇస్తామని ఆయన చెప్పి పెట్టేశాడు.

"యాడ పెట్టుంటివి?"

హుమాయున్ జేబులోంచి నల్లటి వస్తువొకటి తీసి బల్ల మీద పెట్టాడు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, అరచేతిలో ఇమిడేది, అంతా రేకు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పాను. మూత లేదు, జిప్పు లేదు, మడత లేదు. అడుగున మాత్రం గోరంత తోక ఉంది. హుమాయున్ చూపుడువేలుతో ఆ తోకను కిందికి లాగాడు. టక్కుమని నాలుగు కార్డులు ఒకదాని వెనక ఒకటి మెట్లు మెట్లుగా పైకి లేచాయి.

నా తోలు సంచిలో చేయి పెడితే ఏది వస్తుందో దేవుడికే ఎరుక. ఇక్కడ అన్నీ తరగతి గదిలో పిల్లల మాదిరి ఎత్తు ప్రకారం నిలబడ్డాయి. నాలుగుసార్లు లాగి చూశాను. ఐదోసారి హుమాయునే నా చేతిలోంచి తీసుకున్నాడు.

ఇట్లాంటి పర్సులు మూడు తెచ్చాడట. ఒకటి తనకు. ఇంకొకటి అక్క బుష్రా మొగుడు అబ్రార్‌కు. మూడోది బడిలో కలిసి చదువుకున్న నాసిర్‌కు.

నాసిర్ పేరు వినగానే నా టీ చల్లారిపోయింది. నా బల్లకు రెండు వీధుల అవతల అతనికి సీసీ కెమెరాల అంగడి ఉంది. బోర్డు మీద కెమెరాల కింద 'డిటెక్టివ్' అని కూడా రాయించుకున్నాడు. నన్ను టికెట్ మామ అంటాడు. మా ఇద్దరికీ ఎదురుపడినప్పుడల్లా దగ్గు వస్తుంది.

హుమాయున్ చెప్పింది ఇది. నిన్న మధ్యాహ్నం జమ్మలమడుగులో బుష్రా ఇంట్లో, తమ్ముడు పోతున్నాడని దావత్ చేశారు. పన్నెండుంబావుకు మగవాళ్లు ముగ్గురూ పర్సులు పక్కపక్కన పెట్టి ఏది మేలని వాదించుకున్నారు. అప్పుడు హుమాయున్ పర్సులో ఐదు కార్డులున్నాయి, ఐదోది బతాకా. నాసిర్‌కు కానుక అప్పుడే చేతికిచ్చాడు. పన్నెండున్నరకు భోజనానికి కింద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. కింద కూర్చుని వంగితే జేబులోని రేకు ఒంటికి గుచ్చుకుంటుంది కదా, ముగ్గురూ పర్సులు తీసి గోడ గూట్లో పెట్టారు. మూడింటికి ఎవరిది వాళ్లు తీసుకుని పోయారు. రాత్రి ఏడింటికి పులివెందులలో పెట్టె సర్దుకుంటూ తోక లాగితే నాలుగు మెట్లే లేచాయి.

"ఎవురి మీద అనుమానం?"

హుమాయున్ తల వంచుకున్నాడు. తనకు లేదట. నాసిర్‌కు ఉందట. ఆ ఇంట్లో కెమెరా పెట్టిందే నాసిర్. రాత్రికి రాత్రే వీడియో చూసి, అబ్రార్ గూట్లోంచి పర్సు తీసినట్టు తేల్చాడు. అబ్రార్ హుమాయున్ కంపెనీలోనే పనికి రెండుసార్లు రాసుకున్నాడు, రెండుసార్లూ రాలేదు. ఇంకేం కావాలి అంటున్నాడు నాసిర్, ఆ మాట రాత్రే అబ్రార్‌కు కూడా ఫోన్ చేసి అన్నాడట.

"సొంత బావను దొంగని యా నోటితో అనేది మామా. అనకపోతే నా పని పోతాది."

నేను లేచి, డ్రాయరులోంచి టికెట్లకు చిల్లులు కొట్టే నా పాత పట్టకారు తీసి జేబులో వేసుకున్నాను. అది లేకుండా నేను ఏ కేసుకూ పోను. ఎందుకని ఎవరైనా అడిగితే ఒక్కో రోజు ఒక్కో కథ చెబుతాను.

పదీ యాభై బస్సు పట్టుకున్నాం. పదకొండున్నర దాటాక జమ్మలమడుగులో దిగాం.

బుష్రా తలుపు తీసి, నమస్తే మామా అని, తమ్ముడి మొహం చూడకుండా లోపలికి పోయింది. అబ్రార్ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మోటార్లు రిపేరు చేసే మనిషి, గట్టి మనిషి. రాత్రి నుంచి అన్నం ముట్టలేదని బుష్రా వంటింట్లోంచే ప్రకటించింది.

ముందు గది చూశాను. పన్నెండడుగుల గది. వీధి తలుపు పైన కెమెరా. దాని ఎదురు గోడలో, నా రొమ్ము ఎత్తున గూడు. గూటి కింద చేతుల కుర్చీ ఒకటి. గూట్లో అత్తరు సీసా, రెండు తాళాలు, నిన్నటి సోంపు గింజలు నాలుగు. సోంపు నోట్లో వేసుకున్నాను. సాక్ష్యం తినేశానని హుమాయున్ అనుకుని ఉంటాడు.

"అబ్రార్, నీ పర్సు చూపీప్పా."

అతను నా చేతిలో పెట్టాడు. దుప్పటి మీద హుమాయున్ పర్సు పక్కన పెట్టి చూశాను. అదే నలుపు, అదే పొడుగు, రెండూ రేకే. కానీ అబ్రార్‌ది చేతికి కొంచెం బరువుగా తగిలింది. వెనక ఒక రబ్బరు పట్టీ ఉంది. అన్నిటికంటే ముఖ్యం, దీనికి అడుగున తోక లేదు. పక్క అంచులో గాడి, ఆ గాడిలో బియ్యపు గింజంత బొత్తాం. బొటనవేలుతో దాన్ని పైకి తోస్తే కార్డులు మెట్లుగా కాదు, విసనకర్ర మాదిరి ఒక పక్కకు విచ్చుకున్నాయి.

ఏది మేలు అని అడిగాను. తన మనసులో దిగులున్నా అబ్రార్ ఈ ప్రశ్నకు బదులు చెప్పకుండా ఉండలేకపోయాడు. తోకదైతే దుమ్ము పడితే స్ప్రింగు బిగుసుకుంటుందట, బొత్తాందైతే ఊదితే చాలట. దానికి హుమాయున్ అడ్డం తగిలి, బొత్తాం జేబులో దానంతటదే జారి కార్డులు బయటికి తొంగి చూస్తాయన్నాడు. రాత్రి నుంచి మాట్లాడుకోని బావా బావమరుదులు రెండు నిమిషాలు హాయిగా వాదించుకున్నారు. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా మెత్తబడింది.

సరిగ్గా పన్నెండింటికి కారు ఆగింది. నాసిర్ చంకలో ల్యాప్‌టాపుతో దిగాడు. చొక్కా పైజేబులోంచి తన పేరచ్చేసిన కార్డు తీసి నాకిచ్చాడు. నాకు ఇవ్వడం ఇది ఏడోసారి.

"టికెట్ మామా, నువ్వు కూడా ఈ బస్సెక్కినావా? కేసు రాత్రే అయిపాయె."

"అయిపోతే కార్డేది?"

"దొంగ చెప్పల్ల."

అబ్రార్ మంచం దిగాడు. హుమాయున్ మధ్యలో నిలబడ్డాడు. నేను మాత్రం నాసిర్ చేతిని చూస్తున్నాను. "నీకూ రేకు పర్సు ఇచ్చినాడంట గదా. పేరు కార్డులు దాంట్లో పెట్టుకోకుండా చొక్కా జేబులో ఏల పెట్టుకున్యావు?" అని అడిగాను.

నాసిర్ ప్యాంటు జేబులోంచి పర్సు సగం తీసి చూపించి మళ్లీ తోసేశాడు. దానికీ అడుగున తోకే, అచ్చం హుమాయున్‌ది లాంటిదే. నిన్న ఇంటికి పోయి లాగితే తోక కదల్లేదట. కొత్త పర్సులో అంగడివాళ్లు పెట్టిచ్చే నమూనా కార్డు లోపలే బిగుసుకుందట, దాని అంచు మాత్రం తెల్లగా కనపడుతోందట. గల్ఫు సరుకంటే పైపై మెరుపేనని తనకు ముందే తెలుసట. కానుక ఇచ్చినవాడి ఎదుటే ఇవన్నీ చెప్పాడు. మనిషి అంతే.

"దాన్ని ఒకసారి ఇయ్యి, పోల్చి చూస్తా."

"నన్ను తనిఖీ చేస్తావా? కేసు పట్టించినోన్ని నేను."

సరే అని వీడియో పెట్టమన్నాను. ఒంటిగంటా పన్నెండు నిమిషాల దగ్గర ఆపాడు. అబ్రార్ దస్తర్‌ఖాన్ మీంచి లేచి, చేయి తుడుచుకుని, గూటి దగ్గరికి పోయాడు. గూట్లోంచి ఒక నల్ల పర్సు తీశాడు. పది సెకన్లు చేతిలో ఆడించాడు. పెట్టేసి వచ్చి కూర్చున్నాడు. నాసిర్ చేతులు కట్టుకుని నా మొహం చూశాడు, బస్సు తానే కనిపెట్టినట్టు.

"మళ్లా పెట్టు" అన్నాను. పెట్టాడు. "ఇంకొకసారి, మెల్లగా." పెట్టాడు. మూడోసారి చూశాక కళ్లద్దాలు తుడుచుకున్నాను. ముప్పై రెండేండ్లు నేను మనుషుల మొహాలు చూడలేదు, చేతులే చూశాను. టికెట్ తీసినవాడి చేయి ఒక రకంగా ఉంటుంది, తీయనివాడి చేయి ఇంకొక రకంగా ఉంటుంది.

హుమాయున్ పర్సు నాసిర్ చేతికిచ్చి, కార్డులు తియ్యమన్నాను. విసుక్కుంటూ చూపుడువేలుతో అడుగున తోక పట్టి కిందికి లాగాడు. మెట్లు లేచాయి. తర్వాత అబ్రార్ పర్సు ఇచ్చాను. అతని వేళ్లు అడుగున వెదికి, ఏమీ దొరక్క, ఆఖరికి బొటనవేలితో అంచు మీది బొత్తాం పైకి తోశాయి.

"ఇప్పుడు వీడియోలో ఏ వేలు కదుల్తాందో చెప్పు నాసిర్."

నాసిర్ వంగి చూశాడు. అబ్రార్ చేతిలో చూపుడువేలు కదలనే లేదు. బొటనవేలు అంచు వెంట కిందినుంచి పైకి, మళ్లీ కిందికి, నాలుగుసార్లు పోయి వచ్చింది.

"ఆయప్ప తీసింది ఆయప్ప పర్సే. కొత్త వస్తువు గదా, ఆడుకున్యాడు. నేనూ పొద్దున నాలుగుసార్లు ఆడుకున్యా. హుమాయున్‌ను అడుగు."

వంటింట్లోంచి బుష్రా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అబ్రార్ మంచం మీద కూర్చుని మొహం రెండు చేతులతో రుద్దుకున్నాడు. నాసిర్ గొంతు సవరించుకుని, అయితే ఆ తర్వాతైనా తీసి ఉండొచ్చని మొదలుపెట్టాడు. ఆ తర్వాత చూపించమన్నాను.

ఒంటిగంటా ఇరవై ఐదుకు తెర మీద గళ్లు వచ్చాయి. ఎర్ర గళ్లు, తెల్ల గళ్లు. అవి రెండుంబావు దాకా కదలకుండా అట్లాగే ఉన్నాయి.

"ఇదేంది?"

"తువ్వాలు" అంది బుష్రా.

మగవాళ్ల పంక్తి అయిపోయాక ఆడవాళ్ల పంక్తి. వాళ్లు నెమ్మదిగా, ముసుగులు తీసి, నవ్వుకుంటూ తినాలి కదా. కెమెరా చూస్తుంటే ముద్ద దిగుతుందా? అందుకే కెమెరా మీద తువ్వాలు వెయ్యమని బుష్రానే చెప్పింది, నాసిరే స్టూలెక్కి కప్పాడు. యాభై నిమిషాలు.

"ఆ యాభై నిమిషాలు లెక్కలోకి రావు మామా. ఆడోల్ల పంక్తి అది. ఆడోల్లను అనుమానించేది మా ఇండ్లల్లో లేదు" అన్నాడు నాసిర్. అంతసేపట్లో అతను మాట్లాడిన మొదటి మంచి మాట అది. అయినా కేసుకు పనికిరాని మాట.

నేను అనుమానం అనలేదు, వాకబు అంటున్నానని చెప్పాను. ముద్దనూరు ఘాట్‌లో యాభై నిమిషాలు కనపడని బస్సు గురించి అడగకుండా, రెండు కొసల్లో అది కనపడింది కాబట్టి సరిపోయిందని ఏ డిపో మేనేజరూ అనడని కూడా చెప్పాను. తర్వాత బుష్రా వైపు తిరిగాను.

"ఎందరమ్మా?"

"పదకొండు మంది మామా."

"గూటి కాడికి ఎవురు పోయినారు?"

"ఎవురూ పోలే. అందరం కిందనే కూచున్నాం. అమ్మీ ఒక్కటే కుర్చీలో కూచునె, మోకాల్లు వంగవు గదా."

అందరం ఒకేసారి గూటి కింద కుర్చీ వైపు చూశాం.

హుమాయున్ వెంటనే అడ్డం వచ్చాడు. అమ్మీని మాత్రం కదిలించొద్దన్నాడు. ఆమెకు బీపీ. కార్డు పోయిన సంగతి ఆమెకు తెలియకూడదని రాత్రి అక్కా తమ్ముడూ ఫోన్‌లో ఒట్టు పెట్టుకున్నారు. కొడుకు నవ్వుతూ పోతున్నాడనుకుని ఆమె పులివెందులలో కారంపొడి మూటలు కడుతోందట. బుష్రా కూడా అదే మాట అంది. నాసిర్ కూడా తల ఊపాడు. అంటే పదిహేడు గంటలుగా అందరూ అందరినీ అడిగారు, ఒక్క మనిషిని తప్ప.

"కార్డు పోయిందని నా నోటెంట రాదు. ఒట్టు" అన్నాను.

నాసిర్ తన కారులో తీసుకుపోతానన్నాడు. సాయం అనుకోకండి. నేను ఓడిపోతే కళ్లారా చూడాలని. అబ్రార్ కూడా బయలుదేరాడు, బుష్రా పెట్టిన అన్నం రెండు పళ్లేలు తిని. అందరం తినేదాకా ఆమె కారు తాళాలు కొంగున కట్టుకుంది. ఒంటిగంటా పదికి కదిలాం.

దారిలో నాసిర్ గంటకు ముప్పై మాటలు మాట్లాడాడు, ముప్పై కూడా కెమెరాల మీదే. తొండూరు రాగానే నేను ఎద్దు దిగిన చోటు చూపించాను. ఏ ఎద్దు అన్నాడు అబ్రార్. చెప్పాను. ఈసారి ఎద్దు దిగేటప్పుడు నాకు తల వంచి దండం కూడా పెట్టింది. అబ్రార్ నవ్వాడు. నాసిర్ గేరు మార్చాడు. రెండు నలభైకి పులివెందుల చేరాం.

వాళ్ల అమ్మీ ఖమర్‌బీకి అరవై ఎనిమిదేండ్లు. చిన్న మనిషి, పెద్ద గొంతు. మంచం చుట్టూ మూటలు. కొడుకు పెట్టెను తూకం కాటాకు తగిలించి, రెండు కిలోలు ఎక్కువైందని దాంతోనే పోట్లాడుతోంది. నన్ను గుర్తుపట్టింది. ఎప్పుడో ఆమె బుట్టలోని కోడి బస్సులో గుడ్డు పెడితే, దానికి టికెట్ కొట్టనందుకు ఇప్పటికీ నా మీద అభిమానం. ఆ గుడ్డు నేనే తిన్నానని ఆమెకు తెలియదు.

మిగతా ముగ్గురూ గుమ్మం దగ్గరే నిలబడ్డారు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మోకాళ్ల సంగతి అడిగాను, కారంపొడి సంగతి అడిగాను. తర్వాత హుమాయున్ పర్సు తీసి ఆమె ముందు పెట్టాను.

"అక్కా, నీ కొడుకు దీన్ని నాకు కొనుక్కోమంటాండాడు. తెరిచేది తెలవడంలే. నీకేమైనా తెలుసా?"

"ఇదేమంత బ్రహ్మవిద్య నతానియేలన్నా" అని ఆమె పర్సు అందుకుంది. తడుముకోలేదు. అడుగున తోక పట్టుకుని కిందికి లాగింది. నాలుగు కార్డులు లేచాయి. ఆమె వాటిని చూసి, సరిగ్గానే ఉన్నాయన్నట్టు తలూపింది.

"నీ కొడుకు ఐదుంటాయనె."

"దీంట్లో నాలుగే. ఫొటోది ఇంకొక దాంట్లో పెట్టినా గదా."

నేను కదలకుండా, ఇంకొకటంటే ఏదని అడిగాను.

ఆమె గొంతు తగ్గించింది, కొడుకు వింటాడేమోనని. కొడుకు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. దూరం పోయేవాళ్ల కుడి జబ్బకు పచ్చగుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి ఇమాం జామిన్ కడతారు, క్షేమంగా చేరాక దాన్ని దానం చేస్తారు. పోయినసారి ఏర్‌పోర్టులో మిషన్ కూసింది. అందరి ముందూ చొక్కా విప్పించి చూశారు. హుమాయున్‌కు సిగ్గయింది. ఈసారి కట్టొద్దమ్మీ అన్నాడు. సరే నాయనా అంది. అన్నదే కానీ ఆమెకు రెండు నెలలుగా నిద్ర లేదు.

నిన్న గూటి కింద కూర్చుంది. తల దగ్గరే పర్సులు. పర్సు ఎప్పుడూ గుండె మీది జేబులోనే ఉంటుందని కొడుకే చెప్పాడు. ఒకటి దించి తోక లాగింది. ఐదు కార్డులతో నిండుగా ఉంది, బిళ్ల పట్టదు. పక్కది దించింది, తోక లాగింది, దాదాపు ఖాళీ. దాంట్లో ఉన్న ఉత్త తెల్ల కార్డు తీసి పారేసి, కొడుకు మొహం ఉన్న కార్డు ఇందులోకి మార్చి, పచ్చగుడ్డ బిళ్లను పక్కన దోపింది. కొడుకు మొహమూ ఇమాం జామినూ ఒకే చోట. గూట్లో పెట్టేసి పాయసం తాగింది.

"అవి మూడూ హుమాయున్‌వేనని ఎవురు చెప్పినారక్కా?"

"తెచ్చింది నా కొడుకే గదా. ఒక్క సంచిలోనే తెచ్చె. మూడూ ఒక్క మాదిరే ఉండె. ఇంకెవురివి?"

నేను లేచి గుమ్మం దగ్గరికి పోయాను. నాసిర్ చేయి అప్పటికే ప్యాంటు జేబులో ఉంది. బయటికి రావడంలేదు. రాత్రి నుంచి ఊరంతా వెదికిన డిటెక్టివ్, దొంగసొత్తును తన తొడ మీదే పెట్టుకుని, నిజమైన దొంగ అని తాను తేల్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా తోలుకొచ్చాడు.

"నమూనా కార్డు చూద్దాం దా నాసిర్" అన్నాను.

పర్సు తీసి నా అరచేతిలో పెట్టాడు. తోక లాగితే కదల్లేదు. లోపల గుడ్డ స్ప్రింగుకు చుట్టుకుంది. నా పట్టకారు తీశాను. సన్న ముక్కుతో గుడ్డ కొస పట్టి, దారం తెగకుండా లాగాను. ముందు పచ్చగుడ్డలో బిళ్ల. వెనకే టక్కుమని హుమాయున్ మొహం, తలకిందులుగా, కళ్లు పెద్దవి చేసుకుని.

మూడుంబావుకు కేసు ముగిసింది. గడియారం చూసి మరీ చెబుతున్నాను.

ఖమర్‌బీ ఏమైందని అడిగింది. ఇక దాచడానికి ఏముంది. హుమాయున్ మంచం దగ్గర కూర్చుని అంతా చెప్పాడు. మేమందరం ఆమె బీపీ కోసం ఎదురుచూశాం. బీపీ రాలేదు, తిట్లు వచ్చాయి. నిన్న రాత్రి ఒక్క మాట అడిగితే ఒక్క మాటలో చెప్పేదాన్ని గదరా అంది. బీపీ నాకా, మీకా అని అడిగింది. నాసిర్‌ను పేరు పెట్టి పిలిచి, ఇంటి అల్లుణ్ణి దొంగన్నావా అంది. నాసిర్ అబ్రార్ రెండు చేతులూ పట్టుకుని తప్పయిందన్నాడు. అబ్రార్, పోయేటప్పుడు జమ్మలమడుగు దాకా ఏసీ వేసి దింపితే సరిపోతుందన్నాడు.

హుమాయున్ బతాకాను తన పర్సులో, నాలుగు కార్డుల మీద పెట్టుకున్నాడు. ఐదు మెట్లు లేచాయి. పర్సును స్టీలు పళ్లెంలో పెట్టి, చొక్కా చేయి పైకి మడిచి, తల్లి ముందు కూర్చున్నాడు.

"కట్టమ్మీ."

"మిషన్ కూస్తాది నాయనా."

"కూయనీ."

ఆమె కట్టింది. ముడి వేసేటప్పుడు గుడ్డ కొస జారింది. అబ్రార్ కొస పట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరో సేమ్యా గిన్నెలు తెచ్చారు. నాదే కాక రెండోది కూడా నేనే తాగాను. మూడు పర్సులూ పళ్లెంలో పెట్టుకుని ఏది మేలని మళ్లీ వాదన లేచింది. ఈసారి నాసిర్ తోక పర్సు తరఫున, అబ్రార్ బొత్తాం తరఫున. నాలుగింటికి ఏర్‌పోర్టు కారు వచ్చి హారన్ కొట్టింది. పెట్టె ఎక్కించారు. హుమాయున్ అందరినీ కావలించుకుని, పళ్లెంలోంచి నల్ల పర్సు తీసి గుండె మీది జేబులో వేసుకుని, కారెక్కాడు. నాలుగూ ఐదుకు కారు కదిరి రోడ్డు తిరిగింది.

అబ్రార్ తన పర్సు తీసుకున్నాడు. మిగిలింది నాసిర్ తీసుకున్నాడు.

"టికెట్ మామా, ఇప్పుడు చూడు. గుడ్డ పోయింది గదా, దీని తోక వెన్న మాదిరి కదుల్తాది" అని, ఖాళీ పర్సును నా కళ్ల ముందు పట్టుకుని లాగాడు.

టక్కుమంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మెట్లన్నిటి మీద, అందరికంటే ఎత్తున, హుమాయున్ మొహం.

అబ్రార్ హుమాయున్‌కు ఫోన్ కొట్టాడు. ఎంగేజ్. గల్ఫుకు పోయే మనిషి ఊరు దాటేలోపల చుట్టాలందరికీ పోయొస్తానని చెప్పుకోవాలి కదా, కనీసం నలభై మంది ఉంటారు. నాసిర్ కారు తాళాలు వెదుకుతున్నాడు. ముప్పై రెండేండ్లు మనుషుల చేతులే చూసినవాణ్ణి, ఆ ఒక్క క్షణం నేను సేమ్యా గిన్నె అడుగు చూస్తున్నాను.

మంచం మీద ఖమర్‌బీ రెండు అరచేతులూ పైకెత్తి మాకు చూపించింది.

"ఈసారి నేను ముట్టుకోలే నాయనా."